బియ్యం గదికి కిటికీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. అబద్ధమేమీ కాదు. పునాదులు తవ్వేసి, గోడలు లేపేసి, అప్పుడు ప్లాన్లు గీసే నా దగ్గరికొచ్చి "దీనికి మునిసిపాలిటీ వాళ్ళు ఒప్పుకుంటారా సార్" అని అడిగేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ముందే అడగడానికేం రోగం? పెన్సిల్ గీతగా ఉన్నప్పుడు అడిగితే రబ్బరుతో పోయే పనికి, గోడ లేచాక అడిగితే సమ్మెట పట్టుకోవాల్సి వస్తుంది. ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతు అవసరానికి మించి లేస్తుంది. ఎందుకు లేస్తుందో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. ఒకప్పుడు ఆ తప్పు చేసినవాణ్ణి నేనే మరి.

ఇరాక్ సైన్యం వచ్చిపడే నాటికి నేను కువైట్ సిటీలో ఓ చిన్న ఇంజనీరింగ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఇంజనీరు చెప్పిన ఇంటిని కాగితం మీద గీసిపెట్టడం నా ఉద్యోగం. మా రాయచోటి వైపు నుంచి వచ్చినవాళ్ళలో చాలామంది ఎండలో బండ్లు తోలుతూనో, ఇళ్ళల్లో వంటలు చేస్తూనో కష్టపడుతుంటే, ఐటీఐ సర్టిఫికెట్ పుణ్యమా అని నాకు ఏసీ గదిలో ఎత్తు స్టూలు దొరికింది. దాని మీద కూర్చుంటే కువైట్ మొత్తాన్నీ నేనే కడుతున్నట్టు ఫీలైపోయేవాణ్ణి.

మా పెద్ద ఇంజనీరు పాలస్తీనా ఆయన. మాట తక్కువ, టీ ఎక్కువ. ఆయనకొక పద్ధతి ఉండేది. ఏ ఇల్లైనా సరే, ట్రేసింగ్ కాగితం మీద ఇంకు పడకముందే, పెన్సిల్ నమూనాను చుట్టి నా చంకలో పెట్టి బలదియాకు, అంటే అక్కడి మునిసిపాలిటీకి, పంపేవాడు. ప్లాన్లు పరిశీలించే ఇంజనీరు ముందు దాన్ని పరిచి, మెట్లు ఇక్కడ పెడితే నిబంధన ఒప్పుకుంటుందా, ప్రహరీకి ఇంత ఎడం చాలునా అని ముందే తెలుసుకుని రావాలి. అంతకుముందు ఒక ఇంటికి మెట్లు మూరెడు బయటికి పోయాయని ప్లాన్ మొత్తం తిరిగొచ్చింది. పద్నాలుగు షీట్లు మళ్ళీ గీశాను. అప్పట్నుంచి ఈ పద్ధతి. పంపే ప్రతిసారీ ఆయన ఒకే మాట చెప్పేవాడు.

"నువ్వు ఎంత చెబితే ఆయన అంతకే సలహా ఇస్తాడు. ఏదీ దాచుకోకు."

నేను తలూపేవాణ్ణి. తలూపడంలో నన్ను మించినవాడు ఆ ఆఫీసులో లేడు.

సైన్యం రావడానికి ముందటి చలికాలం, జాబ్రియాలో ఉండే ఒక కువైటీ కుటుంబం మిష్రిఫ్‌లో విల్లా కట్టుకోవాలని మా దగ్గరికొచ్చింది. ఇంటాయన "అంతా ఆవిడ ఇష్టం" అని చేతులు దులుపుకున్నాడు. ఆవిడను ఇంట్లో పనివాళ్ళు మామా, అంటే అరబ్బీలో అమ్మా, అని పిలిచేవాళ్ళు, నాకూ అదే అలవాటైంది. కొలతల కోసం, మార్పుల కోసం వారం వారం వాళ్ళింటికి పోయేవాణ్ణి. మగవాళ్ళు అతిథులతో కూర్చునే హాలు, దివానియా, ఎంత వెడల్పుండాలో మామా సోఫాలో కూర్చునే చేతులు చాపి చూపించేది. ఆమె చేతులు చాపినప్పుడల్లా హాలు ఓ గజం పెరిగేది, పక్కనున్న ఇంకో గది ఓ గజం తగ్గేది.

ఆ ఇంట్లో వంట చేసే అక్క మా వైపు మనిషే. మొదటిరోజు టీ తెచ్చి పెడుతూ, నేను మామాతో మాట్లాడుతున్న అరబ్బీ విని, అది ఎక్కణ్ణుంచి వచ్చిన అరబ్బీయో ఇట్టే పట్టేసింది.

"ఏ ఊరబ్బీ మీది?"

"రాయచోటి అక్కా."

"అనుకుంటి. అది అరబ్బీ అని వీళ్ళెట్ల నమ్ముతాండారో ఏమో."

ఆ రోజు నుంచి నేను పోయినప్పుడల్లా వంటింట్లో జొన్నరొట్టో, చెనక్కాయల పొడి కలిపిన అన్నమో నాకోసం మూతపెట్టి ఉండేది. తినేదాకా పక్కనే నిలబడి, సన్నగైపోయినావని తిట్టేది. ఆమెకు ఉబ్బసం. పడుకునేది మెట్ల కింద, బట్టలుతికే మిషను పక్కన. ఆ మూలకు కిటికీ లేదు. మిషను తిరిగినంతసేపూ ఆవిరి, సబ్బు వాసన. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, గోడ పట్టుకుని ఊపిరి తీసుకుని, తిట్టును ఎక్కడ ఆపిందో మళ్ళీ అక్కణ్ణుంచే అందుకునేది.

ఒకరోజు నేను వంటింటి బల్ల మీద ప్లాన్ పరిచి ఉంటే, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి వంగి చూసింది.

"దీంట్లో నేను పండుకునేది యాడ?"

వంటింటి పక్కనున్న చిన్న గది చూపించాను.

"దానికి కిటికీ ఉంటాదా?"

"పెట్టిస్తాలే అక్కా."

"పెద్దదేం వద్దు సోమీ. తల దూరినంత ఉంటే చాలు. ఈ ఆయాసంతో ఇంకో రెండేండ్లు నెట్టుకురావాల గదా. ఈ మిషను పక్కనే ఉంటే నన్ను పెట్టెలో పెట్టి పంపిస్తారు ఊరికి."

ఆమె నవ్వుతూనే అంది. నేను మాత్రం రోషంగా, "అట్లాంటి మాటలు మాట్లాడొద్దు, ఆ కిటికీ బాధ్యత నాది" అన్నాను. ఆ ఎత్తు స్టూలు మీది గర్వం అట్లా మాట్లాడించింది.

ఆ గది గురించి మామా చెప్పింది ఒకటే ముక్క. వంటింటి పక్కన బియ్యం బస్తాలకు స్టోర్ కావాలి, వంటమనిషి కూడా అందులోనే సర్దుకుంటుంది. ఇక్కడ మా డ్రాఫ్ట్స్‌మన్ల కిటుకు ఒకటి చెప్పాలి. ప్లాన్‌లో ఒక గదిలో మనిషి పడుకుంటుందని రాస్తే, వెలుతురెంత, గాలెంత, వైశాల్యమెంత అని నిబంధనలన్నీ వరసగా వచ్చి కూర్చుంటాయి. స్టోర్ అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. మంచం తర్వాత మెల్లగా లోపలికొస్తుంది. ఈ కిటుకు నాకు నేర్పింది ఏ అరబ్బో కాదు, నాకంటే ముందొచ్చిన మనవాళ్ళే. మన మనుషులు పడుకోబోయే గదులకు మన చేత్తోనే స్టోర్ అని అందంగా రాసేవాళ్ళం. నా అక్షరాలు మరీ ముచ్చటగా ఉండేవి.

కిటికీ సంగతి మామాను అడుగుదామని రెండుసార్లు నోరు తెరిచాను. ఎందుకొచ్చిన గొడవలే అని రెండుసార్లూ మూసుకున్నాను. కాదంటుందని నాకు నేనే తీర్మానించుకుని స్టోర్ అని రాశాను.

బలదియాలో ప్లాన్లు చూసే ఇంజనీరు పొట్టి మనిషి. కళ్ళద్దాలు ఎప్పుడూ నుదుటి మీదే ఉండేవి, ఎర్ర పెన్సిల్ చెవి మీద ఉండేది. ఆ రోజు ఆయన మా మెట్లను కాస్త లోపలికి జరిపించాడు. నేలమాళిగలో నుంచి బయటికి పోవడానికి రెండో దారి పెట్టమన్నాడు. ప్రహరీకీ వంటింటికీ మధ్య ఎడం సరిపోతుందన్నాడు. అన్నీ మంచి సలహాలే, అన్నీ బుద్ధిగా రాసుకున్నాను. చివరికి ఆయన వేలు వంటింటి పక్క గది మీదికొచ్చి ఆగింది.

"ఇందులో ఏముంటుంది?"

ఆయన మామూలుగానే అడిగాడు. ఒక్క మాట చాలు. మనిషి అంటే అక్కడే ఎర్ర గీత గీసేవాడు, కిటికీ వచ్చేసేది. నా నోట్లో ఆ మాట ఉంది కూడా.

"బియ్యం" అన్నాను.

"బియ్యానికి కిటికీ ఎందుకులే, పురుగు పడుతుంది" అని నవ్వి టిక్కు పెట్టాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆఫీసుకు రాగానే మా ఇంజనీరు "అన్నీ చెప్పావా" అని అడిగితే అలవాటుగా తలూపాను. ఇంకుతో గీసిన ప్లాన్ కూడా ఆమోదమయ్యాక జాబ్రియాకు పోతే అక్క తలుపు దగ్గరే "నా కిటికీ ఏమాయె" అంది. "ప్లాన్ పాసైపోయిందక్కా" అన్నాను. అబద్ధమైతే కాదు గదా అని తిరిగొచ్చే బస్సులో దారి పొడుగునా నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఆ రోజు ఆమె సంతోషంగా రెండు రొట్టెలు ఎక్కువ పెట్టింది, నేను తిన్నాను కూడా.

వేసవికి మామా కుటుంబం లండన్ పోయింది. మిష్రిఫ్‌లో కింది అంతస్తు గోడలు లేచి, పైన స్లాబు పడింది. అంతలో ఆగస్టులో ఓ గురువారం జనం నిద్ర లేచేసరికి ఊళ్ళో ట్యాంకులున్నాయి. అవి ఎట్లా వచ్చాయో చాలామంది రాశారు, నేను మళ్ళీ రాయను. నా మటుకు నాకు యుద్ధమంటే తాళం పడ్డ ఆఫీసు, రొట్టెల దుకాణం ముందు క్యూ, హవల్లీలోని మా గదిలో రేడియో చుట్టూ పన్నెండు తలకాయలు. ఊళ్ళో ఫోన్లు మాత్రం పనిచేస్తుండేవి. కొన్నాళ్ళకు అక్క దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"అబ్బీ, పక్కింట్లో మిలిటరీ దిగినారు. సామాన్లు లారీకెత్తుతాండారు. ఈడ నేనొక్కదాన్నే ఉండా."

మాటకూ మాటకూ మధ్య ఈల వేసినట్టు ఊపిరి వినిపిస్తోంది. మేమున్నదేమో పన్నెండుమంది మగవాళ్ళం ఒకే గదిలో. బస్సుల్లో దేశం దాటించేవాళ్ళ జాబితాలో మా పేర్లు రావడానికి ఇంకా రోజులు పడుతుంది. ఏం చేయాలో తోచక మా ఇంజనీరు దగ్గరికి పరిగెత్తాను. "సగం కట్టిన ఇంట్లో దోచుకోవడానికి ఏముంటుంది? మిష్రిఫ్ తీసుకుపో, అక్కడ మేస్త్రీ కాపలా ఉన్నాడు" అని తన కారు తాళాలు చేతిలో పెట్టాడు. అక్క ఒక మూటతో సిద్ధంగా ఉంది. పాస్‌పోర్టు మామా బీరువాలో ఉండేది. ఆ తాళం ఎక్కడుంటుందో మామాకంటే అక్కకే బాగా తెలుసు కాబట్టి, అదీ మూటలోనే ఉంది.

మేం మిష్రిఫ్ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. మేస్త్రీ జగిత్యాల మనిషి, ఆ ఇంటి గోడలన్నీ ఆయన చేతి మీద లేచినవే. కాంట్రాక్టరు ఎటో పోయినా ఈయన మాత్రం పనిముట్లకు కాపలాగా ఉండిపోయాడు.

"రా అక్కా. గీ ఒక్క అర్రకే తలుపున్నది. సిమెంటు బస్తాలు గిండ్లనే పెట్టిన. జెర సదురుత ఆగు."

బస్తాలు ఓ పక్కకు లాగి, ఊడ్చి, నీళ్ళు చల్లి, చాప పరిచాడు. అక్క గడప దాటి లోపలికి పోయేదాకా అది ఏ గదో నాకు తట్టనే లేదు. నమ్మండి, నమ్మకపోండి. ఆమె మూట దించి, నాలుగు గోడలూ ఒకటొకటిగా చూసింది. బయటి వైపు గోడను అరచేత్తో తడిమింది.

"ఇది వంటింటి పక్కది గదబ్బీ?"

"అవునక్కా."

"నా గది."

"అవును."

"కిటికీ యాడ?"

నేను నోరు తెరిచేలోగా మేస్త్రీ అందుకున్నాడు. "దీనికి కిటికీ లేదక్కా. ప్లాన్ల స్టోర్ అని ఉన్నది. నేనే కట్టిన."

అక్క నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, నాకోసం ఏదైనా సాకు దొరుకుతుందేమోనని వెతుకుతోంది. "మామా వద్దనిందా?" అని అడిగింది.

"లేదక్కా. మామాను అడగనే లేదు. బలదియాలో ఆయనే అడిగినాడు, దీంట్లో ఏముంటాదని. బియ్యం అని చెప్పినా. బియ్యానికి కిటికీ ఎందుకు, పురుగు పడతాదనినాడు."

తిట్టి ఉంటే బాగుండేది. ఊరికే రొట్టె తినేటప్పుడు తిట్టే మనిషి, తిట్టాల్సినప్పుడు తిట్టలేదు. "సరేలే, బియ్యం బస్తా మాదిరి ఓ మూల కూచుంటా" అని చాప మీద కూర్చుంది.

గంట గడిచేసరికి ఆయాసం ఎక్కువైంది. ఆగస్టు ఎండ, రేకు తలుపు, గాలిలో సిమెంటు దుమ్ము. మిగతా గదులకు తలుపుల్లేవు, అన్నీ రోడ్డు మీదికి కనిపిస్తాయి, రోడ్డు మీద జీపులు. ఒక ఆడమనిషిని అక్కడ కూర్చోబెట్టే రోజులు కావవి. తలుపు తెరిచి పెట్టినా గాలి లోపలికి రావడం లేదు, ఎందుకంటే వచ్చిన గాలి పోవడానికి దారి లేదు. గాలి ఎట్లా ఆడుతుందో నేను పాఠంలో చదివి పరీక్ష రాసి పాసైనవాణ్ణి. అక్క రెండు చేతులూ నేలకానించి ముందుకు వంగిపోయింది. పెదవులు నల్లబడ్డాయి. అబ్బీ అని పిలవబోయి అంత ఊపిరి లేక ఆగిపోయింది.

నేను మూలనున్న సమ్మెట తీసుకున్నాను.

"ఆగుండ్రి సార్" అన్నాడు మేస్త్రీ. "చప్పుడైతది. జీపులు తిరుగుతున్నయి."

"తిరగనీ."

"గోడ గట్టిగ కట్టిన సార్, గంత అల్కగ పోదు."

"నీ గోడను నేనేమీ అనలేదు. పక్కకు జరుగు."

నా జన్మలో సమ్మెట ఎత్తడం అదే మొదలు. పది దెబ్బలకు ఒక మూల పెచ్చు రాలింది, నా అరచేతులు బొబ్బలెక్కాయి. మేస్త్రీ కాసేపు చూసి జాలిపడ్డాడు.

"ఇటియ్యుండ్రి సార్. మీరు పెన్సిలే పట్టుకోండ్రి."

ఆయన ఎక్కడ కొట్టాలో అక్కడ కొట్టాడు. నాలుగు దెబ్బలకు ఒక ఇటుక అవతల పడింది, తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. వెలుతురు చాప మీద పడింది. వచ్చింది వడగాలే, కానీ అది గాలి. అక్క గోడ పట్టుకుని లేచి, ఆ కంతకు మొహం ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడింది.

చప్పుడుకు జీపు రానే వచ్చింది. ఇద్దరు సైనికులు తుపాకులతో లోపలికొచ్చి, ఏం చేస్తున్నారని అడిగారు. నాకు వచ్చిన అరబ్బీ మొత్తం పోయి ఒకే ముక్క మిగిలింది. కిటికీ అన్నాను. వాళ్ళు కంతను చూశారు, దానికి మొహం ఆనించి నిలబడ్డ అక్కను చూశారు, సమ్మెట పట్టుకున్న మేస్త్రీని చూశారు. ఊరంతా తగలబడుతుంటే కిటికీ పెట్టించుకుంటున్న ఇండియావాళ్ళను ఏం చేయాలో వాళ్ళకు ఎవరూ చెప్పి పంపినట్టు లేరు. ఒకడు మంచినీళ్ళడిగి తాగాడు, ఇద్దరూ వెళ్ళిపోయారు.

ఎండ తగ్గే వేళకు అక్కకు మాట వచ్చింది. "ఇంక నీ బియ్యానికి పురుగు పట్టినా పర్వాలేదబ్బీ" అంది. ముగ్గురం నవ్వాం, నాకు నవ్వుతో పాటు ఏడుపూ వచ్చింది.

ఆరు రోజులు అక్కడే ఉన్నాం. తర్వాత ముగ్గురి పేర్లూ ఒకే బస్సుకు వచ్చాయి. బస్రా, బాగ్దాద్, అమ్మాన్, అక్కణ్ణుంచి విమానంలో బొంబాయి. బస్సెక్కగానే అక్క కిటికీ పక్క సీటు పట్టుకుని, "దీనికి మాత్రం నేను ఎవురినీ అడిగే పన్లే" అని నా వైపు ఓరగా చూసింది.

మరుసటి ఏడు ఆఫీసు మళ్ళీ తెరిచారని కబురొస్తే తిరిగొచ్చాను. మండుతున్న నూనె బావుల పొగతో పగలే మసక. మా పాలస్తీనా ఇంజనీరు మాత్రం తిరిగి రాలేకపోయాడు, పాలస్తీనావాళ్ళు ఇరాక్ పక్షమని అనుమానించి వాళ్ళను దేశంలోకి రానివ్వడం లేదు. ఆయన బల్ల మీద టీ గ్లాసు మరకలు గుండ్రంగా అట్లాగే ఉన్నాయి, వాటిని తుడవనివ్వకుండా కొన్నాళ్ళు కాపలా కాశాను. మిష్రిఫ్ ఇల్లు కూడా మేం వదిలిపెట్టినట్టే ఉంది. మామా కొత్త కాంట్రాక్టరును వెంటబెట్టుకుని వచ్చి, ఆ కంత చూపిస్తూ నాతో అంది:

"చూశావా, ఆ సైనికులు నా గోడను ఏం చేశారో. మూయించెయ్."

తలూపితే సరిపోయేది. తప్పంతా ఇరాక్ సైన్యం ఖాతాలోకి పోయేది, అంత పెద్ద తప్పుల్లో ఈ చిన్న కంత ఎవరికీ పట్టేది కాదు. నా తల ఊగడానికి సిద్ధంగానే ఉంది.

"వాళ్ళు కాదు మామా, నేను" అన్నాను.

మెట్ల కింది మూల దగ్గర్నుంచి సమ్మెట దాకా మొత్తం చెప్పాను. ఆమె దగ్గరికి పోయి ఆ కంత అంచును వేళ్ళతో తడిమింది.

"నీతో చెప్పింది, నాతో చెప్పలేదా? నువ్వైనా నన్నెందుకు అడగలేదు? అడిగుంటే కాదనేదాన్నా?"

బలదియా ఆయన కాదనలేదు, అడిగాడు. మా ఇంజనీరు కాదనలేదు, దాచొద్దని చెప్పి పంపాడు. మామా కాదనేది కాదట. మొత్తం కువైట్‌లో ఆ కిటికీ వద్దన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆఫీసుకు పోయి పాత ట్రేసింగ్ తీశాను. ముచ్చటైన నా అక్షరాలను బ్లేడుతో కాగితం చిరక్కుండా గీకి, అక్కడ వంటమనిషి గది అని రాసి బలదియాకు పట్టుకుపోయాను. అదే ఇంజనీరు, కాస్త చిక్కాడు. వేలు అక్కడికే వచ్చి ఆగింది.

"ఇందులో ఏముంటుంది?"

"మనిషి."

ఆయన నుదుటి మీది కళ్ళద్దాలు మొదటిసారి కళ్ళ మీదికి దించుకుని నన్ను చూశాడు. ఎర్ర పెన్సిల్‌తో రెండు గీతలు గీసి, పక్కన కొలత వేశాడు. ఎడం ముందు నుంచీ సరిపోయే ఉంది. టీ చల్లారేంతసేపు కూడా పట్టలేదు.

చలికాలానికి ఇల్లు పూర్తయింది. మామా వీసా పంపి అక్కను మళ్ళీ పిలిపించుకుంది. చివరి తనిఖీకి నేను పోయినప్పుడు, అక్క నన్ను రెక్క పట్టుకుని తన గదికి లాక్కుపోయింది. మంచం సరిగ్గా కిటికీ కింద వేసుకుంది. ఊపిరిలో ఈల లేదు. తిట్లు మాత్రం తగ్గలేదు.

"ఏమబ్బీ, తూర్పు దిక్కు పెట్టినావే. పొద్దన్నే ఎండంతా నా మొగం మీదే పడతాంది. పండుకోనిస్తాదా అది?"

"కర్టెన్ తెచ్చిస్తాలే అక్కా" అని బయల్దేరాను. గేటు దాకా పోయి, ఆగి, వెనక్కొచ్చి జేబులోంచి పెన్సిల్, కాగితం తీశాను.

"ఏ రంగు కావాలక్కా?"

ఆమె వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది.

"నన్నేనా అడిగేది?"

"నిన్నే."

అక్క మంచం మీద కూర్చుని, కిటికీ వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించింది. నేను పెన్సిల్ పట్టుకుని నిలబడ్డాను. తర్వాత నీలం అంది.